తుపాను తగ్గేదాకా కాకినాడలోనే ఉండు

కడప

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. కాకినాడ రేవులో పడవ కట్టేసి, వాయుగుండం ఎటు పోతుందా అని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నామన్నావు. సోమవారానికి చెన్నై చేరాలన్నావు. ముందు ఆ సోమవారం సంగతి తేల్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తెరచాప పడవ మీద తిరిగేవాడు ఫలానా రోజుకు వస్తానని ఎవరికీ మాట ఇవ్వకూడదు. ఈరోజే ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు పొడిగించుకో. ఆ టెన్షన్ నెత్తిన ఉన్నంతసేపు ప్రతి గంటా నీకు గాలి తగ్గినట్టే కనిపిస్తుంది.

ఇక్కడ అల్పపీడనం అంటే మంచి కబురు. శనగ విత్తినవాళ్లంతా వాన కోసం చూస్తున్నారు. మబ్బు పట్టిందని మీ అమ్మ కూడా సంతోషపడుతోంది. నువ్వు ఆ మబ్బు కిందే ఉన్నావని ఇంకా తట్టినట్టు లేదు. నేనూ చెప్పలేదు.

రేవులో ఎగరేసే హెచ్చరిక నంబర్లు గుర్తుపెట్టుకో. 1, 2 అంటే తుపాను ఇంకా దూరంగా సముద్రంలో ఉందని. 3, 4 వస్తే ఆ రేవుకే గాలివాన ముప్పు. 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 పెద్ద ప్రమాదం. 11 అంటే తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. 5 ఎక్కిందంటే ఎవరూ పడవలో పడుకోవద్దు, ఊళ్లో గది తీసుకోండి. పడవ పోతే మళ్లీ కొనుక్కుందాం.

అంతకుముందే చేయాల్సిన పనులున్నాయి. తెరచాపలు, టార్పాలిన్లు పూర్తిగా విప్పి లోపల పెట్టు. చుట్టి కట్టేస్తే సరిపోతుందనుకోవద్దు, గాలి ఎలాగో సందు చూసుకుంటుంది. మోకులు రెట్టింపు చెయ్యి. జెట్టీకి ఒరుసుకునే చోట పాత పైపు ముక్కలు తొడుగు. చాలాసార్లు మోకు తెగేది లాగుడుకు కాదు, ఒరిపిడికి. పోటుకు పడవ లేస్తుంది, పాటుకు దిగుతుంది కాబట్టి కొంచెం వదులు ఉంచు. డీజిలు, మంచినీళ్లు ఇప్పుడే నింపు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, పెట్రోలు బంకుల దగ్గర క్యూలు.

ఇక నాకు అసలు భయం తుపాను వచ్చే రోజు గురించి కాదు, అది పోయాక ఎండ కాసే రోజు గురించి. కాకినాడకు అడ్డంగా హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన దిబ్బ అది, ఉత్తరం వైపు సాగి ఉంటుంది. అలల దెబ్బ అది కాస్తుంది గనకే ఆ రేవు అంత భద్రం. కానీ లోపల కూర్చున్నవాడికి సముద్రం ఎప్పుడూ చెరువులాగే కనిపిస్తుంది. గాలి ఆగినా పెద్ద అలలు ఇంకా వస్తూనే ఉంటాయి. దిబ్బ ఉత్తరపు కొన దాటి దక్షిణానికి తిరిగాక గాని వాటి సంగతి తెలియదు. అప్పుడు గోదావరి మొగల, అంటే నది సముద్రంలో కలిసే చోట్ల, ముందు నుంచే పోవాలి. అక్కడ లోతు తక్కువ, అలలు విరుగుతాయి. అందుకే రోడ్డు తెరిచాక ఉప్పాడ పోయి బయటి సముద్రం చూసి రా. హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్ వాళ్ల అలల సూచన కూడా చూడు. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం గురించి చెబుతారని నవ్వకు, నేనూ అదే పని చేస్తున్నాను.

గాలి పీడనం కొలిచే బారోమీటరు చూసేటప్పుడు నిన్న ఇదే టైముకు ఎంత ఉందో పోల్చు. మన ప్రాంతాల్లో అది ఉదయం 10 గంటలకు ఎక్కువగా, సాయంత్రం 4కు తక్కువగా ఉండడం రోజూ జరిగేదే. తెలియనివాళ్లు సాయంత్రం అది తగ్గడం చూసి తుపాను దగ్గరికొచ్చేసిందని హడలిపోతారు.

వేట బోట్లు బయటికి పోయాయని వెంటనే వెనకాల పడొద్దు. వాటి ఇంజన్లు వేరు, ఆ సరంగులకు మొగలు కొట్టిన పిండి. వాళ్లు తిరిగొచ్చాక టీ ఇప్పించి బయట ఎలా ఉందో అడుగు. వరదకు కొట్టుకొచ్చిన దుంగల గురించి కూడా అడుగు. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన 2021లో మనం చూశాం కదా, నీళ్లు చెట్లను ఎలా లాక్కుపోయాయో. అవన్నీ చివరికి చేరేది సముద్రానికే. రాత్రిపూట మాత్రం బయల్దేరవద్దు.

సెలవు దొరక్కపోతే పడవను నమ్మకమైన మనిషికి అప్పజెప్పి రైలెక్కు. సంక్రాంతి అయ్యాక వెళ్లి తెచ్చుకోవచ్చు. ఈ రాత్రి మోకులు కట్టిన ఫోటో పంపు, చూసి చెబుతాను.

మీ మామ