కాన్‌స్టంటైన్ నాణెం మీద సూర్యుడు ఉంటే నకిలీయేనా?

మీ దగ్గరున్న రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ నాణెం మీద సూర్యుడున్నాడు, నకిలీయేమో అని అడిగారు. క్రైస్తవ చక్రవర్తి అన్న పేరే మిమ్మల్ని అనుమానంలో పడేసింది. నాణెం వెనకవైపు కిరణాల కిరీటంతో, కుడిచెయ్యి ఎత్తి, ఎడమచేత గోళం పట్టుకున్నది సోల్, రోమన్ సూర్యదేవుడు. కాన్‌స్టంటైన్‌ను క్రైస్తవం వైపు తిప్పిందని చెప్పే మిల్వియన్ వంతెన యుద్ధం 312లో గెలిచాక కూడా కొన్నేళ్లపాటు కంచు నాణేలపై ఈ బొమ్మ వచ్చింది. కాబట్టి సూర్యుణ్ణి చూసి టెన్షన్ పడక్కర్లేదు.

1. బొమ్మ చుట్టూ లాటిన్‌లో "సోలి ఇన్విక్టో కోమితి" (తోడుగా ఉండే అజేయ సూర్యుడికి) అని ఉందేమో చూడండి. ఉంటే అది ఈ సోల్ రకమే.

2. చాలామంది వదిలేసేది ఇదే: కాళ్ల కింద అడ్డగీత, దాని కింద రెండు మూడు అక్షరాలు. అది టంకశాల గుర్తు. పి-ఎల్-ఎన్ అయితే లండన్, పి-టి-ఆర్ అయితే ట్రియర్ (నేటి జర్మనీలో). ఫోన్ టార్చ్ పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అరిగిన అక్షరాలూ తేలతాయి.

3. కాళ్ల దగ్గర గద్ద కనిపిస్తే అది సోల్ కాదు, రోమన్ దేవతల రాజు జూపిటర్. అప్పుడు ఎస్-ఎమ్-ఎన్ (నికోమీడియా, నేటి టర్కీలో) లాంటి తూర్పు టంకశాల గుర్తు వెతకండి. అక్కడ ఏలిన సహచక్రవర్తి లిసీనియస్, కాన్‌స్టంటైన్ పేరున్న నాణేలకూ జూపిటర్‌నే వేయించాడు.

చింతపండుతో మాత్రం తోమకండి, ఇత్తడి చెంబు కాదది! పైపొర పోతే విలువా పోతుంది.

గీత కింద అక్షరాల ఫోటో పెట్టండి, ఏ టంకశాలో చెప్తాను.