అడగండి చెప్తా: పెద్ద కనూ కావాలి, బరువు మాత్రం వద్దు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం కనూ, అంటే తెడ్డు వేసి నడిపే సన్నటి పడవ, దాని బరువు గురించే. చలికాలం అంతా పడవ మర్చిపోయి, మంచు కరగ్గానే భుజాలు గుర్తొస్తాయి కదా మనకి. అందుకని మిగతావన్నీ పక్కన పెట్టేసి ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: నమస్తే అండీ. మేం భార్యాభర్తలం, ఇద్దరం యాభై దాటాం. మా దగ్గర 17 అడుగుల రాయలెక్స్ (మందపాటి ప్లాస్టిక్ రకం) కనూ ఉంది, ఇరవై ఏళ్ళ నుంచి అదే వాడుతున్నాం, బండలకి కొట్టుకున్నా ఏం కాలేదు కానీ బరువు 80 పౌండ్లు. ఏటా అమెరికాలోని మిన్నెసోటాలో ఉండే సరస్సుల అడవి బౌండరీ వాటర్స్‌లో పది పన్నెండు రోజుల ట్రిప్ వేస్తాం, సామాను ఎక్కువే, 60 పౌండ్ల కుక్క కూడా మాతోనే. పోయినేడు మూడో పోర్టేజ్ దగ్గరే మావారికి మోకాళ్ళు పట్టేశాయి, ట్రిప్ మధ్యలో వెనక్కొచ్చేశాం. 40 పౌండ్లలో 16 అడుగులది ఒకటి చూసి పెట్టుకున్నాం. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ, 16 అడుగులది వద్దు. బరువు తగ్గాలనుకోవడంలో తప్పు లేదు, దానికోసం సైజు తగ్గించుకోవడమే తప్పు. నాకొచ్చే ఉత్తరాల్లో పదిమందిలో ఎనిమిది మంది చేసేది ఇదే.

తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. సరస్సుకీ సరస్సుకీ మధ్య నేల వస్తే పడవని బోర్లించి భుజాల మీద పెట్టుకుని మోసుకెళ్ళడమే పోర్టేజ్. ఓడలు బళ్ళవుతాయి అంటారు, ఇక్కడ బండి మనమే. బౌండరీ వాటర్స్ మ్యాపుల్లో ఈ దూరాలు మైళ్ళలో కాకుండా రాడ్లలో ఉంటాయి, ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, ఇంచుమించు ఒక కనూ పొడవు అనుకోండి, 320 రాడ్లయితే మైలు.

ఇప్పుడు మీ మోకాళ్ళ లెక్క చూద్దాం. 80 పౌండ్ల పడవ మోసే మనిషి ఇంకేమీ మొయ్యలేడు, అంటే ఒక విడత సామాను అవతల దింపి, ఖాళీ చేతులతో వెనక్కొచ్చి, మళ్ళీ పడవ ఎత్తుకుని వెళ్ళాలి, మైలు పోర్టేజ్‌కి నడక మూడు మైళ్ళు. అదే పడవ 43 పౌండ్లయితే ఒకరు పడవతో పాటు చిన్న సంచీ, ఇంకొకరు పెద్ద సంచీ, ఒక్క విడతలో అయిపోతుంది. తేలిక పడవ వల్ల అసలు లాభం ఇదే, భుజం నొప్పి తగ్గడం కంటే నడిచే దూరం మూడోవంతుకి పడిపోవడం. కానీ సంచీలు కూడా తగ్గకపోతే ఈ లాభం రాదు, నాలుగు సంచీలేసుకుని తిరిగేవాళ్ళకి పడవ ఎంత తేలికైనా రెండో విడత తప్పదు. ఇది కోపంగా కాదు, ప్రేమగానే చెప్తున్నా, ఆ ఇనప మూకుడు ఇంట్లో పెట్టేసి రండి.

సైజు దగ్గరికొద్దాం. మీ ఇద్దరూ కలిపి 320 పౌండ్లనుకుందాం, కుక్క 60, పన్నెండు రోజుల సామాను తక్కువలో తక్కువ 150. మొత్తం 530. ఇంత బరువు 16 అడుగుల పడవలో వేస్తే మునగదు, కంపెనీ కాగితం మీద కూడా సరిపోతుందనే ఉంటుంది, కానీ అంచుకీ నీళ్ళకీ మధ్య ఎత్తు తగ్గిపోతుంది, పెద్ద సరస్సులో మధ్యాహ్నం గాలి లేచిందంటే అలలు లోపలికొస్తాయి. కుక్క ఒక పక్కకి లేచి నిలబడితే ఇంక చెప్పక్కర్లేదు. కంపెనీలు రాసే గరిష్ట బరువు చూసి మురిసిపోకండి, అది పడవ తేలే లెక్క, హాయిగా నడిచే లెక్క వేరే ఉంటుంది, అది దానికి చాలా కిందే ఉంటుంది. మీకు 17 నుంచి 18న్నర అడుగుల పొడవు, మధ్యలో 14 అంగుళాల దాకా లోతు ఉన్నది కావాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఒకే కంపెనీ ఒకే పద్ధతిలో చేసిన వాటిలో 17 అడుగులదానికీ 18న్నర అడుగులదానికీ బరువు తేడా మహా అయితే రెండు మూడు పౌండ్లు, ఒక నీళ్ళ సీసా అంత. వెనోనా కంపెనీ వాళ్ళ మిన్నెసోటా 2 అనే మోడల్ పొడవు 18న్నర అడుగులు, కెవ్లార్ అనే నారబట్టతో పల్చగా చేసే అల్ట్రాలైట్‌లో బరువు 42, 43 పౌండ్ల దగ్గరే ఉంటుంది. వాళ్ళదే 17 అడుగుల స్పిరిట్ 2, బౌండరీ వాటర్స్ అనే మోడల్ కూడా ఇంచుమించు అంతే. పొడుగు పడవ వేగంగా పోతుంది, బరువు ఎక్కువ మోస్తుంది, భుజానికి తేడా తెలీదు. మరి అందరూ పొడుగువే ఎందుకు కొనరంటే అది తిరగదు, మెలికలు తిరిగే వాగుల్లోనూ, చెట్ల మధ్య పోర్టేజ్ దారి మలుపుల్లోనూ విసిగిస్తుంది. మిన్నెసోటా 2 గీత గీసినట్టు తిన్నగా పోతుంది, తిప్పాలంటే మాత్రం బతిమాలాలి.

అయితే 80 నుంచి 43కి దిగినప్పుడు ఆ 37 పౌండ్లు ఎక్కడ పోయాయి? దుకాణంలో అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే అంటా నేను. బరువు ఊరికే పోదు, పడవలోంచి ఏదో ఒకటి తీసేస్తేనే పోతుంది, ఆ తీసేసింది మనకి అక్కర్లేనిదైతే సరే.

మీ రాయలెక్స్ అంటే ఫోమ్‌కి రెండు వైపులా ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ పొరలు, దెబ్బ తింటే నొక్కుకుని మళ్ళీ తేరుకుంటుంది, అందుకే అంత బరువు. దాని తయారీ 2014 నాటికే ఆగిపోయింది, కాబట్టి మీ పాతదాన్ని అగ్గువకి అమ్మేయకండి, వెతుక్కునేవాళ్ళు ఉన్నారు. అల్ట్రాలైట్‌లో పడవ గోడ అంటే పల్చని కెవ్లార్ బట్ట, 1965లో డ్యూపాంట్‌లో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన నారే అది, బుల్లెట్ ప్రూఫ్ కోట్లలో వాడతారు చూడండి. దాన్ని గట్టిపడే జిగురు లాంటి రెసిన్‌లో తడిపి, అడుగున ఫోమ్ పలక, పక్కలకి పక్కటెముకల్లా ఫోమ్ పట్టీలు పెట్టి బిర్రుగా నిలబెడతారు. పైన జెల్‌కోట్ అనే మందపాటి రంగు పూత కూడా వెయ్యరు, అందుకే పడవ తేనె రంగులో ఉండి ఎండలో లోపల కూర్చుంటే నీళ్ళ వెలుగు కనపడుతుంది, ఆ అందం వేరు లెండి.

జెల్‌కోట్ పోతే మీకు నష్టం లేదు, గీతలు పడతాయి అంతే. అంచులు చెక్క నుంచి అల్యూమినియంకి మారినా నష్టం లేదు, నూనె పట్టించే పని తప్పుతుంది. అడుగున పొరలు తగ్గించిన చోటే జాగ్రత్త. అందుకే అదే మోడల్‌లో మరీ పల్చనిది, కాస్త మందంది రెండూ ఉంటే పది పన్నెండు పౌండ్లు ఎక్కువైనా మందందాని వైపు ఒక చూపు చూడమంటా, కానీ మీరు వెళ్ళేది సరస్సులకి, మోకాళ్ళు ఇప్పటికే మొరాయిస్తున్నాయి, మీ ఇద్దరికి మాత్రం అల్ట్రాలైటే. సూరిస్ రివర్ వాళ్ళ క్వెటికో 17 కూడా చూడండి, ఎపాక్సీ రెసిన్‌తో చేస్తారు, అడుగు కాస్త వంగే రకం, బండ తగిలితే ఓర్చుకుంటుందని దానికి పేరు. స్విఫ్ట్ వాళ్ళ కీవేడిన్ 17, నార్త్‌స్టార్ వాళ్ళ బీ17 కూడా ఈ కోవలోవే. నన్ను ఒక్కటి చెప్పమంటే, కుక్క ఉంది కాబట్టి, స్పిరిట్ 2 లేదా క్వెటికో 17, వీటిలో మీ ఆయన కూర్చుని సరే అన్నది.

కొనేముందు తూకం వెయ్యండి. కాగితం మీద 42 అని ఉన్నది నేను ఇంటికి తెచ్చి తూచుకుంటే 47 వచ్చింది, నెల తర్వాత కానీ తెలీలేదు, అప్పటికి బిల్లు పోయింది. ఇంట్లో మనుషులు ఎక్కే తూకం చాలు, పడవ నెత్తిన పెట్టుకుని ఎక్కండి, పడవ లేకుండా ఎక్కండి, తేడా చూసుకోండి. భుజాల మెత్తలు, జరిగే సీట్లు, ఇవన్నీ కలిపి తూచాలి, విడిగా కాదు.

చివరిగా, పాత అలవాటు మానుకోవాలి. రాయలెక్స్‌ని ఒడ్డు మీదకి రయ్యిన ఎక్కించేవాళ్ళు మీరు, నాకు తెలుసు, నేనూ అంతే. ఇకనుంచి పడవ నీళ్ళలో తేలుతూ ఉండగానే దిగాలి, మోకాలి దాకా తడవాలి. సగం ఒడ్డు మీద సగం నీళ్ళ మీద ఉండగా ఎక్కి కూర్చోకూడదు, అడుగు విరుగుతుంది. కుక్క కింద ఒక ఫోమ్ చాప వెయ్యండి, లేకపోతే గోళ్ళు గీరతాయి.

ప్రశ్న: కార్బన్ నారతో చేసిన కనూ ఇంకా తేలిక అంటున్నారు, చూడ్డానికి కూడా నల్లగా భలే ఉంది. కెవ్లార్ బదులు అదే కొనేయొచ్చా?

జవాబు: కార్బన్ బిర్రుగా ఉంటుంది, నీళ్ళలో అడుగు వంగదు కాబట్టి తెడ్డు వేసిన బలం వృథా పోదు. కానీ గట్టి దెబ్బకి అది పగులుతుంది, కెవ్లార్ చినిగినా నారలు పట్టుకుని ఉంటాయి. అందుకే మంచి కంపెనీలు బయట కార్బన్, లోపల కెవ్లార్ లాంటివి కలిపి చేస్తున్నాయి, కార్బన్ అని అమ్మేవాటిలో చాలావరకు ఈ కలగలుపే. ఇద్దరు నడిపే పెద్ద టాండెమ్‌లో మీకు మిగిలేది మూడు నాలుగు పౌండ్లు, డబ్బు మాత్రం చాలా ఎక్కువ పోతుంది. ఆ డబ్బుతో తేలిక తెడ్లు కొనుక్కుంటే రోజుకి వేలసార్లు ఎత్తి దించే వస్తువు బరువు తగ్గుతుంది కదా. నల్లరంగు నచ్చింది అంటే అది వేరే సంగతి, దానికి నా దగ్గర మందు లేదు.

ప్రశ్న: మేం ఎక్కువగా నదుల్లో వెళ్తాం, చిన్న చిన్న రాపిడ్లు, అంటే నీళ్ళు ఉరికే చోట్లు ఉంటాయి, నీళ్ళు తక్కువున్నప్పుడు రాళ్ళు తగుల్తాయి. 45 పౌండ్ల పడవ తట్టుకుంటుందా?

జవాబు: ఒకటి రెండుసార్లు తట్టుకుంటుంది, ఆ తర్వాత మీరు తట్టుకోలేరు. ఫోమ్ పలక ఉన్న అడుగుకి పదునైన రాయి తగిలితే పలక అంచు దగ్గరే పగుళ్ళు వస్తాయి, ఎందుకంటే బిర్రుగా ఉన్న భాగం, వంగే భాగం అక్కడ కలుస్తాయి. మీకు కావాల్సింది వేరే జాతి పడవ, మొదలూ చివరా కాస్త పైకి లేచి తేలిగ్గా తిరిగే ప్రాస్పెక్టర్ రకం. నోవా క్రాఫ్ట్ కంపెనీ వాళ్ళు బసాల్ట్ రాతి నార, ఇన్నెగ్రా అనే ప్లాస్టిక్ నార కలిపి టఫ్‌స్టఫ్ అని చేస్తారు, 17 అడుగుల ప్రాస్పెక్టర్ అందులో 60 పౌండ్లకి కాస్త అటూ ఇటూ. ఇంకా మొరటుగా వాడేవాళ్ళయితే ఎస్కిఫ్ కంపెనీ వాళ్ళ టీ-ఫార్మెక్స్ అనే ప్లాస్టిక్ రకం, రాయలెక్స్ పోయాక దాని లోటు తీర్చడానికి వచ్చిందే, బరువు మళ్ళీ పైకి పోతుంది. రాళ్ళ నదిలో 60 పౌండ్లు అంటే తేలికే అనుకోండి. ఈ బరువు గోల పాతదే లెండి, 1944లో విలియం హాఫ్‌మన్ అనే ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల్లో క్యాన్వాస్ కనూ మోసి మోసి విసిగిపోయి, విమానాలు చేసే గ్రమ్మన్ కంపెనీలో తనే పెద్ద ఉద్యోగి కాబట్టి అల్యూమినియంతో పడవ చేయిస్తే పోలా అనుకున్నాడు, మరుసటి ఏడే అవి మొదలయ్యాయి. ఆ 17 అడుగుల గ్రమ్మన్ 75 పౌండ్లు, అప్పట్లో జనం దాన్నే తేలిక అన్నారు.

ప్రశ్న: పాత కెవ్లార్ కనూ ఒకటి సగం ధరకి వస్తోంది. ఏం చూసుకోవాలి?

జవాబు: పైన పటారం లోన లొటారం కాకుండా చూసుకోవాలి. బయట గీతలు చూసి భయపడకండి, బోర్లించి అడుగంతా బొటనవేలితో నొక్కుకుంటూ పొండి, ఎక్కడైనా మెత్తగా దిగితే ఫోమ్ పలక ఊడిందని అర్థం. లోపల కూడా చూడండి, పక్కటెముకల అంచుల వెంట తెల్లటి గీతలుంటే అక్కడ వంగి వంగి అలిసిపోయింది. వేళ్ళతో తట్టితే చప్పుడు మారే చోటు గుర్తుపెట్టుకోండి. ముక్కు దగ్గర, వెనక చివర అరిగి నూగులాగా నార బయటికొచ్చి ఉంటే అది బాగుచెయ్యొచ్చు, పట్టీ వేయించుకోవచ్చు, ధర మాత్రం తగ్గించమనండి. ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉన్నది వద్దు, కెవ్లార్‌కి ఎండ పడదు, బయట ముదురు గోధుమ రంగుకి తిరిగి సీటు కింద నీడలో మాత్రం లేతగా ఉంటే ఆ తేడానే దాని చరిత్ర చెప్తుంది. నేను ఒకసారి ఇవేం చూడకుండా రంగు బాగుందని కొన్నా, మొదటి సరస్సులోనే పాదాల కింద చల్లగా తగిలింది.

ప్రశ్న: పడవ తేలికే కానీ ఒక్కదాన్నే ఎత్తుకోలేకపోతున్నా, నడుము దగ్గర ఆగిపోతోంది. ఏదైనా కిటుకు ఉందా?

జవాబు: నేల నుంచి ఒకేసారి నెత్తికి ఎత్తకండి. ముందు పక్కకి వంచి తొడల మీదకి లాక్కోండి, మధ్యలో అడ్డంగా, భుజాల మీద ఆనేలా ఉండే కాడి పట్టుకుని, బరువు తొడల మీద నిలిచాక ఒక ఊపుతో తిప్పి తల దూర్చాలి. అది రాకపోతే ఇంకో దారి, వెనక చివర నేల మీదే ఉంచి ముందు భాగం మాత్రం పైకెత్తి, చేతులు జరుపుకుంటూ కింద నడిచి కాడి దగ్గరికి రండి, వెనక చివర కాస్త అరుగుతుంది, అరగనీండి. కాడి సరిగ్గా మధ్యలో ఉందో లేదో కూడా చూసుకోండి, భుజాన ఉన్నప్పుడు ముక్కు కొంచెం పైకే ఉండాలి, కిందికి వంగితే దారి కనపడదు, మెడ పట్టేస్తుంది. కాడి స్క్రూలు విప్పి అంగుళం జరిపితే చాలు, మనిషి సాయం అక్కర్లేదు.