ఎర్ర సముద్రంలో గొడవ, మా తోతాపురికి దెబ్బ

"ఎర్ర సముద్రంలో ఓడల మీద యెమెన్ తిరుగుబాటుదారులు హౌతీల దాడులు, దేశాల నౌకాదళాల కాపలా... వీటితో మనలాంటోళ్లకు పనేంటి?" అని మీలో ఒకరు అడిగారు. మీది చిత్తూరు జిల్లా కాదని మాత్రం అర్థమైంది.

2025 జూన్‌లో మా వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట తోతాపురి మామిడికాయల లోడు ట్రాక్టరుతో రెండు రాత్రులు పడుకున్నాను. ముందున్న బండ్లను లెక్కపెట్టడం డెబ్బై దగ్గర మానేశాను. రెండో రోజు మధ్యాహ్నానికి అడుగు కాయలు చితికి, ట్రాలీ సందుల్లోంచి రసం తారురోడ్డు మీదికి కారుతోంది. ఒకటే ఈగలు. మా నాయన ట్రాలీ కింద గోనెపట్ట పరుచుకుని, టోకెన్ చీటీ జేబులోంచి తీసి చూడటం, మళ్లీ పెట్టుకోవడం. సూపర్‌వైజరును అడిగితే, "ఏం జేసేది సామీ, పోయినేడాది డ్రమ్ములే గోడౌన్‌లో ఉండాయి. యూరప్ ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగతా ఉండాయి" అన్నాడు. "ఆఫ్రికాకీ మన కాయకీ ఏం సంబంధం రా?" అని నాయన నన్నడిగాడు.

సంబంధం ఉంది. మన కాయ గుజ్జు డ్రమ్ముల్లో ఓడెక్కి, ఎర్ర సముద్రం, సూయజ్ కాలువ మీదుగా యూరప్ పోతుంది. 2023 నవంబరులో హౌతీలు గెలాక్సీ లీడర్ ఓడను పట్టుకున్నాక, దాడులు పెరిగి పెద్ద కంపెనీలు సూయజ్ దారి వదిలేశాయి. ఆఫ్రికా దక్షిణం కొసన ఉన్న కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టి పోవాలంటే పది, పద్నాలుగు రోజులు ఎక్కువ. కిరాయి, బీమా సరేసరి. ఓడల కాపలాకు అమెరికా ఆ డిసెంబరులో ఒక కూటమి కట్టింది, యూరప్ 2024 ఫిబ్రవరిలో వేరే కుంపటి. ఈ దాడుల మీద ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో తీర్మానం పెడితే రష్యా, చైనా ఓటింగుకు దూరంగా కూర్చున్నాయి. నన్నడిగితే మన నేవీయే నయం. 2024 మార్చిలో ఐఎన్‌ఎస్ కోల్‌కతా 35 మంది సముద్రపు దొంగలను లొంగదీసి, 17 మంది సిబ్బందిని కాపాడింది. వాళ్లు సోమాలియా దొంగలు, హౌతీలు కాదు కదా అంటారేమో. అందరూ హౌతీల వైపు చూస్తుంటే వీళ్లకు సందు దొరికింది, అంతే.

అలాగని ఫ్యాక్టరీ మాట పూర్తిగా నమ్మను. ఆ ఏడాది కాయకు కిలో 12 రూపాయలని ప్రభుత్వం చెప్పింది, అందులో ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది 8. మాకు ఆ 8 పడలేదు. పైగా కాటా దగ్గర కుళ్లు అని తరుగు తీశారు. రోడ్డు మీద రెండు రోజులు ఎండబెట్టింది ఎవరు? ఓడ కిరాయి పెరిగితే కాయ రేటు దిగుతుంది, కిరాయి దిగినప్పుడు మాత్రం పెరగదు. జ్యూస్ బాటిల్ రేటు అసలు కదలదు.

ఇప్పుడు టీవీలో వార్తలు మొదలైతే చాలు, ఓడలు ఏ దారిన పోతున్నాయో చెప్పారా అని నాయన వంటింట్లోంచి కేకేస్తాడు.