పైపు తప్పుగా వేశారు: బంగారం కుదువ పెట్టాలా, కేసు వేయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. ఉగాది ముందు కింది పోర్షన్‌లో బాత్రూం కట్టించి, సెప్టిక్ ట్యాంకుకు కొత్త లైన్ కలిపించాం. 1,85,000కు మాట్లాడుకున్నాం, 1,70,000 ఇచ్చాం. జూలై వానలకు మురుగు ఎదురు తన్ని బాత్రూంలోకి వచ్చింది. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం లేదు. ఇంకో మేస్త్రీ అంతా తవ్వి మళ్లీ వేయాలి, 90,000 అవుతుందన్నాడు. లక్ష ఎఫ్‌డీ ఉంది, కొంత బంగారం ఉంది. కోర్టుకు వెళితే డబ్బు వస్తుందా?

జవాబు: అమ్మా, కోర్టు డబ్బు వస్తుందనే లెక్కతో రిపేరు ఆపకండి. వస్తే మంచిదే, కానీ ఇంటి బడ్జెట్లో దాన్ని సున్నాగానే వేసుకోండి.

ముందు 90,000 సంగతి చూద్దాం. బంగారం మీద ఏడాదికి పది శాతానికి అప్పు తీసుకుంటే వడ్డీయే 9,000 అవుతుంది. అదే ఎఫ్‌డీని గడువుకు ముందే తీసేస్తే బ్యాంకులు సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం వడ్డీ తగ్గిస్తాయి. మీ లక్షకు ఏడాదికి మహా అయితే వెయ్యి. గడువు నాలుగైదు నెలల్లోనే ఉంటే ఎఫ్‌డీ మీద అప్పు అడగండి, దాని వడ్డీ రేటు ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ ఉంటుంది. బంగారం జోలికి పోనక్కర్లేదు.

అయితే రేపే తవ్వించకండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. వాసన భరించలేక కొత్త మేస్త్రీతో వెంటనే సరిచేయించుకుంటారు, పాత పని ఎంత అధ్వానంగా ఉందో చూపడానికి ఆ తర్వాత ఏమీ మిగలదు. నాలుగు అంగుళాల పైపుకు పది అడుగులకు సుమారు మూడు అంగుళాల వాలు ఉండాలి. మట్టి తీశాక పైపు ఇంకా కదపకముందే లెవెల్ పైపు పట్టించి, పక్కన టేపు పెట్టి ఫోటోలు తీయండి. చాంబర్లో రెండు బకెట్ల నీళ్లు పోసి అవి వెనక్కి రావడం వీడియో తీయండి. లైసెన్సు ఉన్న సివిల్ ఇంజినీర్‌ను పిలిచి, లోపం ఏంటో, సరిచేయడానికి ఎంతవుతుందో సంతకంతో రాయించుకోండి. దీని మీద పెట్టే ఖర్చు దండగ కాదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. దింపించిన వాళ్లకు రెండేళ్ల జైలు, రెండు లక్షల జరిమానా దాకా పడొచ్చు. యంత్రంతోనే తీయించండి.

తవ్వకముందే కాంట్రాక్టర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. లోపం ఇదీ, 15 రోజుల్లో వచ్చి సరిచేయాలి, లేకపోతే వేరేవాళ్లతో చేయించి ఖర్చు మీ నుంచి రాబట్టుకుంటాం అని మీరే రాయొచ్చు, లాయరే పంపాలని లేదు. మిగిలిన 15,000 ఇవ్వకండి, ఎందుకు ఆపారో కూడా అందులోనే రాయండి.

బిల్లు ఇవ్వలేదని టెన్షన్ పడకండి. ఫోన్‌పే, బ్యాంకు ఎంట్రీలు, వాట్సాప్ మెసేజ్‌లు కూడా ఆధారాలే. అన్నీ ప్రింట్ తీసి పెట్టుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఇది సేవాలోపం. మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. సేవకు ఇచ్చిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. సొంతంగా వాదించుకోవచ్చు. రిపేరు ఖర్చుతో పాటు పరిహారం, కేసు ఖర్చులు కూడా అడగండి. మూడు నుంచి ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది గానీ, నేను చూసినవాటిలో అంత తొందరగా తేలినవి తక్కువే. గడువు రెండేళ్లు. జూలై నుంచి కాకుండా, పని ముగిసిన రోజు నుంచే లెక్కేసుకోండి. నోటీసు పంపినంత మాత్రాన ఆ గడువు పెరగదు. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి చూడొచ్చు, కొందరు అక్కడికే దిగొస్తారు.

నోటీసు అందాక అతనే వచ్చి సరిచేస్తానంటే వద్దనకండి. అదే మీకు చవక. కాకపోతే ఏ తేదీలోపు ఏం చేస్తాడో కాగితం మీద రాయించి సంతకం పెట్టించండి. గోతి పూడ్చకముందు ఒక రోజంతా నీళ్లు వదిలి చూడండి. సరిగా పోతేనే ఆ 15,000 ఇవ్వండి.