డ్రెయిన్ బోల్టు ఊరికే తిరుగుతోందా?

ప్రశ్న: ఆయిల్ మార్పించాక బైకు డ్రెయిన్ బోల్టు (ఇంజిన్ అడుగున పాత ఆయిల్ దించే బోల్టు) దగ్గర కారుతోంది. బిగిస్తే ఊరికే తిరుగుతోంది. ఇంజిన్ కేసు మార్చాలా?

జవాబు: అక్కర్లేదు, కానీ బాగుచేయించేదాకా బండి తీయకండి. బోల్టు స్టీలు, కేసు అల్యూమినియం. అతిగా బిగిస్తే పోయేవి కేసు థ్రెడ్లే. విప్పిన బోల్టుకు వెండిరంగు తీగలాంటిది చుట్టుకుని ఉంటే అవే. పాత సైజులోనే (చాలా బైకులకు 12 మి.మీ., పిచ్ అంటే థ్రెడ్ల మధ్య దూరం 1.5 మి.మీ.) హెలికాయిల్ వేయించండి, అంటే పోయిన థ్రెడ్ల చోట కూర్చోబెట్టే తీగచుట్ట. దానికోసం కేసులో థ్రెడ్లు కోసే పనిముట్టు ట్యాపు. దానికి గ్రీజు పూస్తే పొట్టు దానికే అంటుకుంటుంది. లోపల మిగిలిన పొట్టును కాస్త ఆయిల్ పోసి కడిగేయాలి. థ్రెడ్లు తానే కోసుకునే లావు బోల్టు మాత్రం వద్దు, కేసు పగలొచ్చు.

నలిగిన పాత వాషరు వల్లే ముందు కారుతుంది, దాన్ని ఆపాలని ఇంకా బిగిస్తారు. ప్రతిసారీ కొత్త వాషరు వేయించండి. బోల్టు మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిరగాలి. పట్టేస్తే వంకర ఎక్కినట్టే, వెనక్కి తిప్పండి. చివర్లో టార్క్ రెంచితో (బిగింపు బలం కొలిచే రెంచి) మాన్యువల్‌లో ఉన్నంతే బిగించాలి.