అల్లిక రెక్కల పురుగు, నాడీరెక్కల కీటకం, తూనీగ: మూడూ ఒకటేనా?

సందేహం: పత్తి చేలో మేలు చేసే పురుగుల కరపత్రంలో "అల్లిక రెక్కల పురుగు" అని ఉంది. మా పాప నోట్స్‌లో దాన్నే "నాడీరెక్కల కీటకం" అన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో ఇది తూనీగే కదా అంటున్నారు. ఏది కరెక్ట్ అండీ?

సమాధానం: తూనీగ మాత్రం కాదండీ. అయితే మీ పెద్దవాళ్ళ మాట మరీ కొట్టిపారేసేదేం కాదు, మీ పాప నోట్స్‌లో నాడీరెక్కలు అన్న కీటక వర్గం అసలు పేరు న్యూరోప్టెరా, 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పురుగుల్ని వర్గాలు చేసినప్పుడు తూనీగల్ని కూడా ఇందులోనే పెట్టాడు, 1793లో ఫాబ్రీషియస్ అనే కీటక శాస్త్రవేత్త వాటికి ఒడొనేటా అని వేరే పేరిచ్చాడు. తూనీగకి ప్యూపా దశ ఉండదు, పిల్లలు నీళ్ళలో పెరుగుతాయి, న్యూరోప్టెరా పురుగులైతే గుడ్డు, లార్వా, ప్యూపా దాటాకే రెక్కల పురుగవుతాయి.

ఇక "నాడీరెక్కలు". ఇది నాకు అస్సలు నచ్చదు. న్యూరోప్టెరా పేరులో ఉన్న న్యూరాన్ అనగానే మనకి నరాలు, మెదడు గుర్తొస్తాయి గానీ పాత గ్రీకులో ఆ మాటకి స్నాయువు, తీగ, తాడు అనే అర్థాలున్నాయి, ఇక్కడ చెప్పేది రెక్కలో కనిపించే ఆ సన్నటి గీతల గురించి. వాటికి మనకి ఈనె అనే చక్కటి మాట ఉంది, ఆకుకి ఈనెలు అంటాం, పురుగు రెక్కకీ ఈనెలు అనే అంటాం, అలాంటిది చేతిలో ఉండగా పిల్లలకి నాడి అని చెప్పి ఎందుకు తికమక పెట్టడం? "ఈనెరెక్కల కీటకాలు" అనొచ్చు, లేదా న్యూరోప్టెరా అని తెలుగు లిపిలో రాసేసినా తప్పు లేదు.

"అల్లిక రెక్కల పురుగు" మాత్రం బంగారంలాంటి మాట. దీని ఇంగ్లీషు పేరు లేస్‌వింగ్‌లో లేస్ అంటే నరసాపురం వైపు ఆడవాళ్ళు అల్లే లేసే, అల్లిక అంటే ఎవరికైనా అర్థమైపోతుంది. కాకపోతే ఇది మొత్తం వర్గం పేరు కాదండీ, పత్తి చేలో మేలు చేసే క్రైసోపెర్లా లాంటి వాటికే వాడాలి. ఇసుకలో గరాటులాంటి గుంట చేసి చీమల కోసం కాచుకునే పురుగు ఉంటుందే, అదీ న్యూరోప్టెరాయే కానీ దాన్ని అల్లిక రెక్కల పురుగు అనకూడదు.

కరపత్రంలో ఇంకో మాట కూడా సరిచేయాలి, "అల్లిక రెక్కల పురుగు పేనుబంకని తింటుంది" అని రాస్తుంటారు (పేనుబంక అంటే మొక్కల రసం పీల్చే చిన్న పురుగులు). క్రైసోపెర్లాలో రెక్కలొచ్చినవి తేనె, పుప్పొడి, పేనుబంక వదిలే తీపి జిగురు మీద బతుకుతాయి, పేనుబంకని పట్టేది లార్వా, అది కూడా నమలదు, కొడవలిలా వంగిన బోలు దవడలు గుచ్చి రసం పీల్చేస్తుంది. కాబట్టి "అల్లిక రెక్కల పురుగు లార్వా పేనుబంకని పీల్చేస్తుంది" అని రాయాలి, లేకపోతే రైతు పత్తి ఆకు మీద ఆ లార్వాని చూసి చీడపురుగేమో అనుకుని మందు కొట్టేస్తాడు.

ఇందాక చెప్పిన ఇసుక గుంట పురుగు రెక్కలొచ్చాక అచ్చం తూనీగలా ఉంటుంది, అందుకే చాలామంది పొరబడతారు. మీసాలు చూడండి. తూనీగకి మీసాలు పొట్టిగా వెంట్రుకల్లా ఉంటాయి, దీనికి బాగా కనపడేలా ఉండి కొసన లావుగా ఉంటాయి.