కూతకు వెళ్ళే ముందు

డ్రిల్లు మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండీ. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూలు టీములో కబడ్డీ ఆడుతుంది, రైడరు. ప్రాక్టీసులో మగపిల్లల్ని కూడా తాకేసి వచ్చేస్తుందని వాళ్ళ పీఈటీ సారే చెప్పారు. తీరా జోనల్ మ్యాచీ అనేసరికి పొద్దున్నే కడుపునొప్పి అంటుంది, ఇడ్లీ ముట్టదు. కూతకు వెళ్ళి నాలుగడుగులు వేసి, గీత దాటకుండానే వెనక్కి వచ్చేస్తుంది. అవుట్ ఇచ్చేస్తారు. "నీకేం తక్కువే, గెలుస్తావులే" అని ఇంటిల్లిపాదీ ధైర్యం చెబుతున్నాం. పనిచెయ్యట్లేదు. ఇంకేం చెప్పాలండీ?

జవాబు: ఇంకేమీ చెప్పకండమ్మా. ముందు ఆ చెప్పడం ఆపండి.

ఈ మాట పుస్తకం చదివి అనడం లేదు. ఒక పిల్ల దగ్గర తప్పు చేసి నేర్చుకున్నాను. 1990ల చివర్లో వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక హైస్కూల్లో పనిచేసేవాణ్ణి. ఆ పిల్ల తండ్రి కొబ్బరి దింపు తీసేవాడు. పిల్ల పాదరసం. జిల్లా ఫైనల్లో ఒక్క పాయింటు వెనకబడ్డాం, ఆఖరి కూత తనదే. టైమవుటు తీసుకుని, ఉన్న ముప్ఫై సెకన్లూ పిల్ల భుజాలు పట్టుకుని ఊపేశాను. "ఊరంతా నీ మీదే ఆశ పెట్టుకుందే, మన పరువు నీ చేతిలో ఉంది" అన్నాను. వెళ్ళింది. కూత మధ్యలో తెగిపోయింది. మరుసటి ఏడాది గ్రౌండుకే రాలేదు. "గుండె లేదు దానికి" అనుకున్నాను, స్టాఫు రూములో నలుగురి ముందూ అన్నాను కూడా.

చాలా ఏళ్ళ తర్వాత సఖినేటిపల్లి రేవులో పంటు మీద కనిపించింది, చంకలో బిడ్డతో. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మాస్టారూ, ఆవేళ నేను ఎడంపక్క కార్నర్ పిల్ల కాలు చూస్తున్నానండి. ఎక్కడ అడుగేస్తే అందుతుందో లెక్కేసుకుంటున్నాను. ఇంతలో మీరొచ్చి ఊరిని నా నెత్తిన పెట్టారు" అంది. పంటు నరసాపురం ఒడ్డుకి చేరేదాకా నా నోట మాట లేదు.

మీరు చెప్పే "గెలుస్తావులే" కూడా ఆ ఊరి బరువులాంటిదేనమ్మా. గెలుపు పిల్ల చేతిలో ఉండదు. అవతల ఏడుగురున్నారు, అంపైరున్నాడు. అడుగు మాత్రం తన చేతిలో ఉంటుంది. దింపు తీసేవాడు చెట్టెక్కేటప్పుడు గెల వంక చూడడు, నేల వంకా చూడడు. చెయ్యి పట్టు దొరికిందా, కాలి తాడు బిగిసిందా, అంతే. ఆ పిల్ల తండ్రిని రోజూ చూస్తూ కూడా నాకు ఇది తట్టలేదు.

అందుకని మీ అమ్మాయికి పని చిన్నది చెయ్యండి. ఆడపిల్లల కోర్టులో మధ్యగీత నుంచి బాక్ లైను, అంటే మీ అమ్మాయి దాటలేకపోతున్న ఆ గీత, మూడు మీటర్లు. మీ వంటింటి గుమ్మం నుంచి వీధరుగు దాకా కూడా ఉండదు. వచ్చే మ్యాచీలో మొదటి రెండు కూతలకీ ఒకటే పని పెట్టమనండి: బాక్ లైను దాటాలి, తిరిగి రావాలి. ఎవరినీ తాకక్కర్లేదు, పాయింటు తేనక్కర్లేదు. అవతలి వాళ్ళు బలంగా ఉన్నా, జనం గోల చేస్తున్నా, మూడు మీటర్లు మూడు మీటర్లే. ఇది వాళ్ళ పీఈటీ సారుకి ముందే చెప్పి ఒప్పించండి, లేకపోతే ఆయన పక్క నుంచి "తాకవే" అని అరుస్తాడు. మా జాతి సంగతి నాకు తెలుసు.

రెండోది, ఒక నోటుబుక్కు. ప్రాక్టీసు నుంచి రాగానే ఆ రోజు చేసినవి మూడు రాయాలి. "బాగా ఆడాను" అని రాస్తే కుదరదు. "నాలుగుసార్లు బోనస్ లైను దాకా వెళ్ళాను, చీలమండ పట్టుకుంటే ఒకసారి విడిపించుకున్నాను", ఇలా అంకెలతో రాయాలి. ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లోనే ఈ సంగతి తేల్చి చెప్పాడు. నేను చెయ్యగలను అన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందట. తను స్వయంగా చేసి నెగ్గుకు రావడం మొదటిది, అన్నిటికంటే గట్టిది. తనలాంటి పిల్లే చెయ్యగా చూడడం రెండోది. పక్కవాళ్ళ మాటలు మూడోది. ఒంట్లో ఆ క్షణాన ఎలా ఉందన్నది నాలుగోది. మనం పెద్దవాళ్ళం మూడోదాన్నే పట్టుకుని వేలాడతాం, ఖర్చు లేదు కదా మరి. మ్యాచీ ముందురోజు రాత్రి ఆ నోటుబుక్కు తెరిచి చదువుకుంటే మీరు చెప్పే వంద ధైర్యాలకంటే మేలు. అందులో ఉన్నవి జరిగినవి. కాదనడానికి లేదు.

ఇక ఆ కడుపునొప్పి. అది దొంగనొప్పి కాదమ్మా, తిట్టకండి. పోటీ అనగానే ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తం కడుపు వైపు తగ్గి కాళ్ళూ చేతుల కండరాలకి మళ్ళుతుంది. ఇడ్లీ దిగకపోవడానికి కారణం అదే. నీళ్ళు చాలని రోజుల్లో లాకుల దగ్గర ఒక కాలవకి తగ్గించి ఇంకో కాలవకి నీళ్ళు వదులుతారే, అలాంటిది. ఈ సంగతి పిల్లకి విడమరిచి చెప్పండి. "నాకు భయమేస్తోంది" అనుకునే పిల్లకీ, "నా కాళ్ళకి నీళ్ళొదిలారు" అనుకునే పిల్లకీ గుండె ఒకలాగే కొట్టుకుంటుంది, ఆట మాత్రం ఒకలా ఉండదు. తిండి మ్యాచీకి రెండు మూడు గంటల ముందే పెట్టెయ్యండి. అదీ దిగకపోతే చక్రకేళి పండొకటి చాలు. ఆట లేని రోజుల్లో కూడా నొప్పి వస్తుంటే మాత్రం డాక్టరుకి చూపించాలి.

కబడ్డీ పిల్లలకి దేవుడిచ్చిన సౌకర్యం ఒకటుంది, కూత. కూత అంటే ఊపిరి వదలడమేగా. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. అందుకే యోగా మాస్టార్లు నిదానంగా వదలమంటారు. కంగారుపడ్డ పిల్ల కూత చూడండి, "కబడ్డికబడ్డికబడ్డి" అని తరుముకొస్తున్నట్టు ఉంటుంది, పది సెకన్లకే ఊపిరి చాలదు. మధ్యగీత దగ్గర ముక్కుతో ఒక్కసారి పీల్చి, నోటితో అంతకంటే నిదానంగా వదలమనండి. తర్వాత కుడి అరచెయ్యి తొడకి ఒకసారి తుడుచుకుని, మళ్ళీ ఊపిరి నింపుకుని కూత అందుకోవాలి. ప్రతిసారీ అదే వరస, గెలుస్తున్నా ఓడుతున్నా. అలవాటైన పనిలోకి దిగిన ఒళ్ళు కొత్తచోటని భయపడదు.

రాత్రి పడుకునేముందు కళ్ళు మూసుకుని ఒక కూత మనసులో ఆడుకోమనండి. సినిమాలో తనను తాను చూసుకున్నట్టు కాదు, తన కళ్ళతోనే. అరికాలికి మట్టి తగలాలి, ఎదురుగా చేతులు పట్టుకుని కదిలే పిల్లలు కనిపించాలి. గడియారం పెట్టుకుని ముప్ఫై సెకన్లు, నిజం కూతకి గడువు అంతే. అందులో ఒకసారి పట్టుబడాలి కూడా, పట్టుబడి విడిపించుకోవాలి. అన్నీ నెగ్గే కలలు కంటే మొదటి పట్టుకే బెంబేలెత్తిపోతారు.

ప్రాక్టీసుకి గోల కూడా కావాలి. మన దగ్గర సంక్రాంతి టోర్నమెంట్లు ఎలా ఉంటాయో మీకు తెలియంది కాదు. మైకులో ఒకాయన కామెంట్రీ, డప్పులు, చుట్టూ వెయ్యి కళ్ళు. స్కూలు గ్రౌండులో చింతచెట్టు కింద ప్రశాంతంగా నేర్చుకున్న పిల్ల ఒక్కసారిగా అందులో పడితే ఏమవుతుంది? నా సర్వీసు చివర్లో నేను వారానికొక రోజు మిగతా క్లాసు పిల్లల్ని గీత చుట్టూ నిలబెట్టి, పళ్ళేలు వాయించమనేవాణ్ణి. "రెండు పాయింట్లు వెనక, ఆఖరి కూత" అని రైడర్ని పంపేవాణ్ణి. మొదట్లో హెడ్మాస్టరు గారు విసుక్కున్నారు, తర్వాత ఆయనే వచ్చి చూసేవారు.

మీరు రాయలేదు గానీ, వాళ్ళ నాన్నగారు మ్యాచీలో గీత పక్కన నిలబడి అరుస్తుంటారని నా అనుమానం. ఉత్తరంలో "ఇంటిల్లిపాదీ" అన్న మాట పట్టిచ్చింది. ఆయన్ని కోర్టుకి దూరంగా, పిల్ల కంట పడని చోట కూర్చోమనండి. మ్యాచీ అయ్యాక కాలవగట్టు మీద బండెక్కించుకుని వచ్చేటప్పుడు ఆట ఊసు ఎత్తొద్దు. పిల్లే ఎత్తితే వినాలి. ఆకలేస్తోందా అని అడగొచ్చు.

ప్రశ్న: మాస్టారూ, నేను ఇంటర్ మొదటి సంవత్సరం, అంబాజీపేట. షటిల్ ఆడతాను. ఒక్క పాయింటు తప్పు పోతే దాని గురించే ఆలోచిస్తూ వరసగా ఆరేడు పాయింట్లు పోగొట్టుకుంటున్నాను. నేను మానసికంగా బలహీనుణ్ణా?

జవాబు: కాదు నాయనా. పోయిన పాయింటు దగ్గరే నిలబడిపోతున్నావు, ఆట ముందుకెళ్ళిపోతోంది.

మీ అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ సంగతి నీకు నేను చెప్పాలా? గంటకి 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్‌కెక్కినవాడు. అలాంటివాడూ, చిరాగ్ శెట్టీ కలిసి మలేషియా జోడీ ఆరోన్ చియా, సో వుయి యిక్‌ల చేతిలో ఒకసారి కూడా గెలవకుండా ఎనిమిదిసార్లు ఓడిపోయారు. 2022 ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్ కూడా వాళ్ళకే పోయింది. తొమ్మిదోసారి 2023 జూన్‌లో, జకార్తాలో, ఇండోనేషియా ఓపెన్ ఫైనల్. 21-17, 21-18తో గెలిచారు. ఆ అక్టోబరులో ఆసియా క్రీడల్లో బంగారం, ప్రపంచ నంబర్ వన్. అక్కడితో కథ సుఖాంతం అనుకోకు. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో అదే జోడీ మీద మొదటి గేమ్ 21-13తో తీసుకుని, తర్వాతి రెండూ పోగొట్టుకున్నారు. మళ్ళీ రాకెట్ పట్టుకున్నారు. తొమ్మిదోసారి ఆడేటప్పుడు పాత ఎనిమిదీ మోసుకుని దిగితే ఏమయ్యేదో ఆలోచించు.

చెయ్యాల్సింది చిన్నదే. పాయింటు పోగానే నెట్టు వైపు వీపు తిప్పు. రాకెట్ తీగలు వేళ్ళతో సర్దుకో. అవి సర్దుకునే ఉంటాయి, అయినా సర్దుకో. ఊపిరి పూర్తిగా వదులు. నీకు నచ్చిన ఒక్క మాట అనుకో, "తర్వాతది" అన్నా చాలు. ఇటు తిరిగేసరికి స్కోరు చూడకు, షటిల్ చూడు. ప్రాక్టీసు గేములు 5-15 నుంచి మొదలుపెట్టి ఆడు, వెనకబడి ఉండడం అలవాటవుతుంది. తప్పు ఎందుకు జరిగిందన్న విచారణ మ్యాచీ అయ్యాక, స్నానం చేసి అన్నం తిన్నాక.

ప్రశ్న: మా వాడికి రోజూ మోటివేషన్ వీడియోలు చూపిస్తున్నాను. సైకాలజిస్టు దగ్గరికి కూడా తీసుకెళ్ళాలంటారా? (ఒక తండ్రి, రాజోలు)

జవాబు: వీడియోలు మీరు చూడండి, వాణ్ణి ఆడుకోనివ్వండి. సైకాలజిస్టు అంటే తప్పేమీ లేదండీ, పెద్ద పెద్ద ఆటగాళ్ళకే ఉంటారు. మ్యాచీ ముందు కంగారుకి మాత్రం అంత హడావిడి అక్కర్లేదు. నిద్ర, తిండి వారాల తరబడి చెడినా, స్నేహితుల్ని దూరం పెట్టినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా మర్నాటి దాకా ఆగకండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వం తరఫున తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ పడవు.

ప్రశ్న: వాలీబాల్ సర్వీస్ చెయ్యాలంటే చేతులు వణుకుతున్నాయి. నెట్టుకి కొడితే అందరూ నవ్వుతారు సార్. (పదో తరగతి అమ్మాయి, ముమ్మిడివరం)

జవాబు: నవ్వుతారు తల్లీ, అబద్ధమెందుకు. రెండు నిమిషాలు నవ్వి మిరపకాయ బజ్జీల బండి దగ్గరికి పోతారు. రిఫరీ విజిల్ ఊదాక నీకు ఎనిమిది సెకన్లు ఉంటాయి. వణికేవాళ్ళందరూ మొదటి సెకనులోనే కొట్టేసి వదిలించుకుంటారు, నువ్వూ అదే చేస్తున్నావని నా లెక్క. బంతి రెండుసార్లు నేలకి కొట్టు, ఊపిరి వదులు, అవతలి కోర్టులో ఖాళీగా ఉన్న ఒక చోటు చూడు, అప్పుడు లేపు. ఇంటి దగ్గర ప్రాక్టీసుకి రెండు కొబ్బరిచెట్ల మధ్య తాడు కట్టుకో, ఆడపిల్లల నెట్టు ఎత్తు 2.24 మీటర్లు. దాని మీదుగా రోజుకి ముప్ఫై సర్వీసులు, ఎన్ని దాటాయో గోడ మీద బొగ్గుతో రాసుకో. మీ అమ్మ తిడితే నా పేరు చెప్పు.